నీటికి ధ్రువత్వం ఎందుకు? దువ్వెనతో చెప్పాలా, అంకెలతోనా, ఆకారంతోనా?

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. నీటి అణువుకు ధ్రువత్వం, అంటే ఒక వైపు కొంచెం ఋణ ఛార్జి, ఇంకో వైపు కొంచెం ధన ఛార్జి ఉండటం, ఎందుకొచ్చిందో మూడు రకాలుగా చెప్పి చూశాను.

మొదటిది దువ్వెన. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో గట్టిగా దువ్వి, సన్నగా వదిలిన కొళాయి ధార పక్కన పెడితే ధార అటు వంగుతుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మన ఎండాకాలంలో బాగా పనిచేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం తేమకు దువ్వెన మీద ఛార్జి నిలవదు. దీన్నే ధ్రువత్వానికి రుజువని ఏళ్ల తరబడి చెప్పాను, అది తప్పు. అణువులు ఒక వైపుకి తిరగడం వల్ల ధార అంతగా వంగదు. దువ్వెన దగ్గరికి రాగానే నీటిలోని అయాన్లు (ఛార్జి ఉన్న కణాలు) కదిలి, ధారలో వ్యతిరేక ఛార్జి పోగవుతుంది. ముఖ్య కారణం అదే. కాబట్టి ఆసక్తి పుట్టించడానికి వాడండి, కారణంగా మాత్రం చెప్పకండి.

రెండోది అంకెలు. ఋణవిద్యుదాత్మకత, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే గుణం, దాన్ని కొలిచే పౌలింగ్ స్కేలులో ఆక్సిజన్‌కు 3.44, హైడ్రోజన్‌కు 2.20. తేడా 1.24. బంధంలోని ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు మొగ్గుతాయి. అది కొంచెం ఋణం, హైడ్రోజన్లు కొంచెం ధనం. ఇందులో తప్పేమీ లేదు, మార్కులూ వస్తాయి. కానీ ఒకమ్మాయి అడిగింది: "సార్, కార్బన్‌కు 2.55 కదా, ఆక్సిజన్‌తో తేడా 0.89 ఉంది. మరి కార్బన్ డయాక్సైడ్‌కు ధ్రువత్వం ఎందుకు లేదు?"

ఈ అంకెల్లో దానికి జవాబు లేదు. అక్కడే నాకు ఆకారం అవసరం తెలిసొచ్చింది.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు తేరు లాగడం మా పిల్లలకు తెలిసిందే. తేరుకు రెండు మోకులు కట్టి ఒకటి ముందుకు, ఇంకొకటి అంతే బలంతో వెనక్కి లాగితే అది కదలదు. కార్బన్ డయాక్సైడ్ అలాంటిదే: తిన్నని గీత, 180 డిగ్రీలు, రెండు లాగుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ద్విధ్రువ భ్రామకం (ధ్రువత్వం ఎంతో చెప్పే కొలత, డిబైలలో చెబుతారు) సున్నా. అదే రెండు మోకులనూ ముందువైపే, కాస్త ఎడంగా లాగితే తేరు నడుస్తుంది. నీటి అణువు పంగకర్రలా 104.5 డిగ్రీల్లో వంగి ఉంటుంది కాబట్టి రెండు లాగుళ్లూ కలిసిపోతాయి, 1.85 డిబై మిగులుతుంది.

వంపు ఎందుకంటే, ఆక్సిజన్ బయటి కక్ష్యలో ఆరు ఎలక్ట్రాన్లున్నాయి. రెండు బంధాలకు పోగా మిగిలిన నాలుగూ రెండు ఒంటరి జంటలుగా (బంధంలో లేని జంటలుగా) కూర్చుని బంధాలను పక్కకు నెడతాయి. ఆ నెట్టుడే లేక అణువు తిన్నగా ఉండుంటే, 1.24 తేడా ఉండి కూడా లాభం లేదు.

పరీక్ష రేపే అయితే అంకెలే చెప్పండి. వారం టైమ్ ఉంటే మాత్రం ముందు ఆకారం, తర్వాత అంకెలు. నేనైతే ఇప్పుడు కుర్చీకి రెండు తాళ్లు కట్టి పిల్లల చేతే లాగిస్తున్నాను. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి మర్నాడు అమ్మోనియాకు మూడు మోకులు గీసి, అవన్నీ కలిసి ఎటు లాగుతాయో తనే బాణం పెట్టుకొచ్చింది.