నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: యాప్ మంచిదే, మెయిళ్లే ముంచాయి

ఈ ఆడియో యాప్‌లో ఏమేం దొరుకుతాయో, ప్లాన్లు ఎన్నో అందరికీ తెలుసు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నా. నాలుగేళ్లుగా డబ్బు కట్టి వాడుతున్నాను. నా గొడవంతా వాళ్లు పంపే మెయిళ్లతోనే.

మొదట్లో ఆ మెయిళ్లు బాగుంటాయనే మా బావని కూడా చేర్పించాను. ఆదివారం ఒక్కటి వచ్చేది, కొత్తగా ఏం పెట్టారో నాలుగు ముక్కల్లో చెప్పేది. ఇప్పుడు వారానికి నాలుగైదు. ఆఫరూ, రసీదూ, రెన్యువల్ కబురూ అన్నిటికీ ఒకే రంగు, ఒకే పెద్ద బొమ్మ. ఏది చదవాలో ఏది తీసిపారేయాలో తెలీదు.

విసుగొచ్చి మొన్న జనవరిలో ఒక మెయిల్ అడుగున, బూడిద రంగులో చీమ తలకాయంత అక్షరాలతో ఉన్న ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కాను. నిమిషంలో జవాబు: ‘మీ సబ్‌స్క్రిప్షన్ రద్దయింది. మళ్లీ కలుద్దాం!’ పక్కన ఏడుపు మొహం. నా గుండె గుభేల్‌మంది. ఆ యాప్ నాకంటే నాన్నకు ముఖ్యం. సాయంత్రం ఆరయ్యేసరికి హరికథ పెట్టాల్సిందే. ఆయనకు తెలిసేలోపు సర్దేద్దామని అమ్మ మెయిల్‌తో కొత్త అకౌంట్ తెరిచి 1,499 రూపాయలు కట్టేశాను. ముందు యాప్ తెరిచి చూసుకోవాలి కదా అంటారు. చూసుకోవాల్సింది. టెన్షన్‌లో తట్టలేదు.

పదకొండు రోజులకు బ్యాంకు నుంచి మెసేజ్: రేపు మీ కార్డు నుంచి 1,499 వెళ్తుంది, వద్దనుకుంటే ఆపుకోండి. మోసగాళ్లేమోనని లింకు ముట్టుకోకుండా బ్యాంకు సైట్‌లోకి నేనే వెళ్లి చూశాను. పాత ప్లాన్ నిక్షేపంగా ఉంది! రద్దయింది న్యూస్‌లెటర్, అంటే ఆ ఆఫర్ మెయిళ్లు మాత్రమే. మెయిల్‌నీ, డబ్బు కట్టే ప్లాన్‌నీ రెంటినీ ‘సబ్‌స్క్రిప్షన్’ అనే పిలిస్తే చదివేవాడికెలా తెలుస్తుంది? ‘ఇకపై ఆఫర్ మెయిళ్లు రావు, మీ ప్లాన్ అలాగే ఉంది’ అని రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

కార్డు నుంచి ఇలా నెలనెలా, ఏటేటా కట్ అయ్యే డబ్బు గురించి కనీసం 24 గంటల ముందు చెప్పాలన్న రిజర్వ్ బ్యాంకు నియమం 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అప్పట్లో దాని వల్ల నా పేమెంట్లు రెండు ఆగిపోతే తిట్టుకున్నవాణ్ణే. ఈసారి ఆ రెండు లైన్ల మెసేజే కాపాడింది.

కొత్తదానికి డబ్బు వెనక్కి ఇవ్వరట. చేసేది లేక పాతదాన్నే ఆపేశాను. దాంతోపాటు నాన్న ఏది ఎక్కడిదాకా విన్నారో ఆ గుర్తులన్నీ పోయాయి. ‘రుక్మిణీ కల్యాణం ఎక్కడ ఆపాన్రా?’ అని అడుగుతూనే ఉన్నారు.

ఇంట్లో హరికథలు వినే మనిషి ఉన్నారు కాబట్టి ఈ ఏడాదికి ఉంచుతున్నా. పాటల కోసమే అయితే నేనైతే మళ్లీ కట్టను. బావ మాత్రం హాయిగా ఉన్నాడు, ఆయన మెయిల్ తెరవనే తెరవడు.

ఇప్పుడా ఆఫర్ మెయిళ్లన్నీ అమ్మ ఫోన్‌కి వస్తున్నాయి. ‘ఏదో ఆఖరి రోజంటున్నార్రా, ఓసారి చూడు’ అని నిన్న రాత్రి కూడా లేపింది.