తొమ్మిదేళ్లు, ఎనభై వేల కిలోమీటర్లు: తప్పు బ్యాటరీది కాదు

ఈ బండి ఇంజిన్ గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఆయిల్ మార్చాను, అది నడిచింది. తొమ్మిదేళ్లలో నన్ను దారిలో నిలబెట్టిన ప్రతిసారీ కారణం కరెంటే. అందుకే ఈ సమీక్ష అంతా సీటు కింద ఉన్న వైర్ల గురించే.

మొదటి మూడేళ్లు ఏ లోటూ లేదు. నాలుగో ఏడు ఒక ఉదయం సెల్ఫ్ నొక్కితే టకటకమని రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) కొట్టుకుంది, ఇంజిన్ కదల్లేదు. బ్యాటరీ పోయిందన్నారు, మార్చాను. అప్పటికి అది సబబే, దాని ఆయుష్షు తీరింది. కానీ కొత్తది ఏడాది తిరగకముందే చేతులెత్తేసింది. కుండ ఊరికే ఖాళీ అవుతోందంటే దానికి చిల్లయినా ఉండాలి, నీళ్లు పోసేవారైనా మానేసి ఉండాలి. మూడో కుండ కొనే ముందు ఆ సంగతి తేల్చుకోవాలనుకుని వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్ తెచ్చుకున్నాను.

రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.1 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 పైన ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి నాలుగు వేల ఆర్‌పీఎమ్ దగ్గర చూస్తే 14 రావలసిన చోట 12.9. హెడ్‌లైట్ వేయగానే అదీ దిగడం మొదలుపెట్టింది. అంటే పోసే చేతిలోనే లోపం.

ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే తీగచుట్టే స్టేటర్. దాని నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి. వాటిని కలిపే ప్లాస్టిక్ జోడు, అంటే కప్లర్ విప్పి, ఇంజిన్ నడుస్తుండగా ఏ రెండింటి మధ్య కొలిచినా ఏసీ వోల్టేజీ ఒకేలా ఉండాలి, ఉంది. ఇంజిన్ ఆపి చూస్తే వాటిలో ఏ ఒక్కటీ బాడీకి తగలకూడదు, తగల్లేదు. స్టేటర్ బాగానే ఉంది. మీటరు పక్కన పెట్టి, విప్పిన కప్లర్‌ను వెలుతురులో తిప్పి చూశాను. తెల్లగా ఉండవలసిన ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమ రంగుకు తిరిగి, అంచు కరిగి కిందికి జారింది. పిన్నును గోటితో గీకితే నల్లటి పొడి రాలింది.

జరిగింది ఇదీ: పిన్ను కాస్త వదులైంది, తేమ చేరి చిలుము పట్టింది. పట్టు తగ్గిన చోట వేడి పుట్టింది, ఆ వేడికి పట్టు మరింత సడలింది. మూడు దారుల్లో ఒకటి దాదాపుగా మూసుకుపోయి బ్యాటరీ ఏనాడూ నిండలేదు. అరకొరగా నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. నా రెండో బ్యాటరీ చచ్చింది అలాగే, పాపం దానినే తిట్టుకున్నాను.

కప్లర్ కోసేసి నీళ్లు చొరబడనిది వేయించాను. పనిలో పనిగా, స్టేటర్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే రెగ్యులేటర్ కూడా మార్చాను. పాతది షంట్ రకం. బండికి అక్కర్లేని కరెంటును అది షార్టు చేస్తుంది కనుక స్టేటర్ ఎప్పుడూ పూర్తి భారంతోనే పనిచేస్తుంది. లైటు ఆపితే స్టేటర్‌కు విశ్రాంతి దొరుకుతుందని నేనూ చాలాకాలం భ్రమపడ్డాను. కొత్తది సిరీస్ రకం, అవసరం లేనప్పుడు దారినే తెంచుతుంది. నాలుగేళ్లుగా, నలభై వేల కిలోమీటర్లుగా 14.2 దగ్గర స్థిరంగా ఉంది. నా ఫిర్యాదు ఒక్కటే: ఆకారం పెద్దది, పాత చోట పట్టలేదు. గాలి తగిలే చోట వేరే పట్టీ చేయించాల్సి వచ్చింది.

కుండకు చిల్లు కూడా ఉందని తర్వాత తెలిసింది. ఫోను ఛార్జర్‌ను నేరుగా బ్యాటరీకి కలిపిన ఘనత నాదే. తాళం తీసేశాక కూడా అది 30 మిల్లీ ఆంపియర్లు తాగుతోంది. రోజు కదలకపోయినా 0.7 ఆంపియర్ అవర్ పోతుంది, నా 9 ఆంపియర్ అవర్ బ్యాటరీకి పన్నెండు రోజుల ఆయువు. దీనిని కొలవడానికి మీటరును నెగెటివ్ దారిలో వరుసగా కలపాలి. అప్పుడు మాత్రం సెల్ఫ్ నొక్కకండి. నేను నొక్కాను, మీటరులో ఫ్యూజు పోయింది. ఛార్జర్‌ను ఇప్పుడు తాళంతో పాటు ఆగే వైరుకు మార్చాను.

నెలకోసారి రెండు కొలతలు చూస్తాను, ఆగి ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పినట్టే, బ్యాటరీ ఉడికిపోయేలోగా బండి ఆపాలి. పది వేల కిలోమీటర్లకోసారి కప్లర్లు విప్పి రంగు చూస్తాను, నెగెటివ్ వైరును ఫ్రేముకు బిగించే ఎర్త్ బోల్టు కింద తుప్పు గీకి బిగిస్తాను. బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగెటివే విప్పాలి. పాజిటివ్ విప్పుతుండగా పానా ఫ్రేముకు తగిలినా నిప్పురవ్వలు రావు.

మూడో బ్యాటరీకి ఇప్పుడు నాలుగేళ్లు, ఈ ఉదయం 12.7 చూపించింది. స్టేటర్ మాత్రం ఇంకా మొదటిదే. దాని వైర్ల తొడుగు గట్టిపడి, వంచితే పెళుసుగా తగులుతోంది. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు కవర్ విప్పి చూడాలి.