మూడు కాళ్ల స్టూలా, నాలుగు కాళ్ల బల్లా?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలకు తరచూ వచ్చే సందేహం: ఉద్యోగం, ఇల్లు, ఆరోగ్యం, ఈ మూడూ చూసుకుంటే చాలా? సంగీతం, ఆటల లాంటిది ఒకటి నాలుగోదిగా పెట్టుకోవాలా? నాకైతే త్రిభుజం, చతురస్రం ఇందులో బాగా దారి చూపిస్తాయి.

మూడు కాళ్ల స్టూలు ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. ఒకే గీత మీద లేని మూడు బిందువుల గుండా ఒక్క తలమే వెళ్తుంది కాబట్టి మూడు కాళ్లూ నేలకు ఆనతాయి. కెమెరా స్టాండుకు మూడు కాళ్లుండేది అందుకే. కానీ ఊగకపోవడం వేరు, పడకపోవడం వేరు. గరిమనాభి, అంటే బరువు కేంద్రం, కాళ్ల కొసలను కలిపితే వచ్చే ఆకారం దాటితే స్టూలు ఒరిగిపోతుంది. మధ్య నుంచి ఒక్కో కాలు 12 అంగుళాల దూరంలో, సమాన ఎడంతో ఉంటే, త్రిభుజం అంచు 6 అంగుళాలకే వచ్చేస్తుంది. చతురస్రానికి దాదాపు 8.5.

నాలుగు కాళ్ల బల్ల ఊగుతుంది, నిజమే. అయితే కాళ్లు సమానమైన చదరపు బల్లను, నేల మరీ ఏటవాలుగా లేకపోతే, పావు చుట్టులోపు తిప్పితే ఎక్కడో ఒకచోట నాలుగూ ఆనతాయి. దీనికి గణితంలో నిరూపణే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకు, అద్దె, ట్రాఫిక్, ప్రాజెక్ట్ టెన్షన్ల మధ్య, మొదట్లో మూడే మేలు. కుదురుకున్నాక మాత్రం నా ఓటు నాలుగుకే. స్టూలుకు ఒక కాలు విరిగితే ఇక నిలవదు. బల్లకు ఒకటి విరిగినా, బరువును మిగతా మూడింటివైపు కాస్త జరిపితే నిలుస్తుంది. లేఆఫ్ వచ్చినప్పుడు అలా బరువు పక్కకు జరపడానికి చోటుండాలి.