పండ్ల కొలతకు కప్పులా, కాటానా?

కప్పు అరటిపండు అంటే ఎంత? 240 మి.లీ. కప్పులో చక్రాల్లా తరిగిన ముక్కలు సుమారు 150 గ్రాములు పడతాయి. మెత్తగా మెదిపి నింపితే 225. ముక్కల మధ్య ఉన్న గాలి పోవడమే ఈ తేడాకు కారణం. కేకు పిండిలో ఆ 75 గ్రాములు ఎక్కువైతే మధ్యభాగం ఉడక్కుండా జిగటగా మిగిలిపోతుంది. "రెండు అరటిపళ్లు" అన్న లెక్క ఇంకా నమ్మలేనిది, చక్కెరకేళి సైజు వేరు, బజారులో దొరికే పొడుగు పచ్చ అరటి సైజు వేరు. అందుకే పండ్ల వంటలకు కప్పుల సెట్టు కంటే వెయ్యి రూపాయల లోపు దొరికే డిజిటల్ కాటానే కొనమంటాం.

దాని విలువ మామిడి జామ్ చేసేటప్పుడు బాగా తెలుస్తుంది. గుజ్జు, పంచదార సమానంగా వేయాలన్నారని నాలుగు కప్పులకు నాలుగు కప్పులు కొలిస్తే గుజ్జు దాదాపు కిలో ఉంటుంది, పంచదార 800 గ్రాములే. ఆ లోటుతో జామ్ పలచగా మిగులుతుంది, బూజు త్వరగా పడుతుంది. చిక్కబడాలని ఎక్కువసేపు మరిగిస్తే రంగు నల్లబడి, మామిడి వాసన పోతుంది. కాటా మీద గిన్నె పెట్టి టేర్ బటన్ నొక్కితే సున్నా వస్తుంది. గుజ్జు పోసి, మళ్లీ టేర్ నొక్కి, పంచదార పోయాలి. టెంక, తొక్క తీసేశాకే తూచాలి.

లోపాలూ ఉన్నాయి. కొన్నిటిలో మి.లీ. అని చూపించే మోడ్ ఉంటుంది. అది నీళ్ల లెక్క, పండ్ల ముక్కలకు పనికిరాదు. పంచదార చిటికెడు చిటికెడుగా జారవిడిస్తే చాలా కాటాలు ఆ బరువును పట్టుకోవు, గిన్నె ఎత్తి మళ్లీ పెట్టి చూసుకోవాలి. ఒక్కో గ్రాము చొప్పున మాత్రమే చూపే కాటాతో నాలుగైదు గ్రాముల నిమ్మ ఉప్పు తూచడం సరికాదు, దానికి 0.1 గ్రాము చూపేది వేరే కావాలి. వెడల్పు గిన్నె పెడితే అంకెలు కనబడవు. కింద గుడ్డ పరిస్తే తూకం తప్పుతుంది, కాటాను నేరుగా వంటగట్టు మీదే ఉంచండి.

కాటా సరిగా ఉందో లేదో చూడటానికి అర లీటరు పాల ప్యాకెట్ వాడకండి. పాలు నీళ్లకంటే బరువు, 515 గ్రాముల పైనే చూపిస్తుంది. గుర్తులున్న కొలపాత్ర పెట్టి టేర్ నొక్కి, అందులో అర లీటరు నీళ్లు పోస్తే 500 రావాలి.

కప్పుల్లో రాసిన వంటకాలకు ఈ అంకెలు అల్మారా తలుపు మీద అంటించుకోండి. 240 మి.లీ. కప్పుకు మామిడి ముక్కలు 165 గ్రాములు, అనాస 165, బొప్పాయి 145, గింజల్లేని ద్రాక్ష 150, కిస్‌మిస్ 145. స్ట్రాబెర్రీ పండ్లుగా 144, తరిగితే 166, గుజ్జు చేస్తే 232. మీ కప్పు అడుగున 250 అని ఉంటే ప్రతి అంకెకూ నాలుగు శాతం కలపండి.