సేఫ్టీ రేజరా, కార్ట్రిడ్జ్ రేజరా?

ఏళ్ల తరబడి మన్నాలంటే నా ఓటు పాతకాలపు సేఫ్టీ రేజర్‌కే. రెండువైపులా పదునుండే పల్చటి బ్లేడు బిగించే ఈ రకానికి కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో అమెరికాలో పేటెంట్ పొందారు. ఇప్పటికీ ఏ కంపెనీ బ్లేడైనా దాదాపు ఏ రేజర్‌లోనైనా సరిపోతుంది. అసలు బలం అక్కడే ఉంది.

కార్ట్రిడ్జ్ రేజర్ (కొన్ని బ్లేడ్లు బిగించిన తల, అంటే కార్ట్రిడ్జ్‌ను, మొత్తంగా మార్చే రకం) అలా కాదు. తల ఊడదీసి చూడండి, లోపలి క్లిప్పు ఆ మోడల్‌కే పరిమితం. కంపెనీ ఆ కార్ట్రిడ్జ్ ఆపేస్తే, చక్కగా ఉన్న పిడి కూడా చెత్తే. పైగా దగ్గర దగ్గరగా ఉన్న బ్లేడ్ల మధ్య వెంట్రుకలు, నురగ ఇరుక్కుపోతాయి.

అయితే సేఫ్టీ రేజర్లన్నీ ఒకటి కావు. చవక రకాల తల జింకు మిశ్రమంతో పోతపోసి, పైన క్రోమ్ పూత వేసి ఉంటుంది. పూత లేచిందంటే లోపల తుప్పు మొదలవుతుంది. కొన్నాళ్లకు మర దగ్గరే విరిగిపోవచ్చు. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకోండి, చేతిలో బరువు తెలుస్తుంది.

వాడకంలో మాత్రం కార్ట్రిడ్జ్‌దే సుఖం. తల గడ్డం వంపును బట్టి తిరుగుతుంది, హడావిడిలోనూ టెన్షన్ ఉండదు. సేఫ్టీ రేజర్‌ను బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా పట్టుకుని, నొక్కకుండా దాని బరువుతోనే జారనివ్వాలి. మొదటి రెండు వారాలు ఓపిక పట్టండి. వాడిన బ్లేడ్లను విడిగా చెత్తలో వేయకండి, రేకు డబ్బాలో దాచి మూత బిగించి పారేయండి.