విశాఖలో పాపని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్చాం: ఐదేళ్ళ అనుభవం

మాది పార్వతీపురం దగ్గర పల్లె. ఆయనకి పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం రావడంతో 2021 జూన్‌లో గాజువాక వైపు అద్దెకి దిగాం. పాపకి ఐదేళ్ళు నిండాయి, ఒకటో తరగతిలో వెయ్యాలి. ఇప్పుడు ఐదో తరగతి చదువుతోంది. ఊరు మారి వచ్చినవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు, గవర్నమెంటు బడిలో వెయ్యొచ్చా అని. ఒక్క మాటలో చెప్పలేక ఇదంతా రాస్తున్నాను.

మొదట చూసింది ప్రైవేటు బళ్ళే. ఒకచోట ఫీజు ఇరవై ఎనిమిది వేలు, బస్సుకీ పుస్తకాలకీ వేరే అన్నారు. కరోనాలో రెండు నెలల జీతం పోయిన ఇల్లు మాది, అంత పెట్టలేం. మా అత్తయ్య మాత్రం ఫోన్లో బాధపడింది, "ఏటమ్మా, సిటీకెల్లి సర్కారు బళ్ళో ఏత్తావా" అని. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. అందుకే ఏదో ఒక బడి అనుకోకుండా నాలుగు బళ్ళు తిరిగాను.

అప్పటికి టీచర్లు బడికొస్తున్నారు గానీ పిల్లల్ని ఇంకా రానివ్వడం లేదు. పాఠం ఎలా చెబుతున్నారో చూసే వీలు లేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న బడి నాడు-నేడు (ప్రభుత్వ బళ్ళు బాగుచేసే పథకం) పనులతో మెరిసిపోతోంది. కొత్త బెంచీలు, గోడల నిండా బొమ్మలు, నీళ్ళొచ్చే మరుగుదొడ్లు. నా మనసు అక్కడే ఆగిపోయింది. పాపైతే గోడమీది నెమలిని పట్టుకుని కదల్లేదు. పక్క వీధిలో అంగన్‌వాడీ టీచరు ఒకావిడ ఉంటారు, ఆవిడ నన్ను కూర్చోబెట్టి అడిగారు, "రోలెంత, టీచర్లెందరు, కనుక్కున్నావా అమ్మా?" అని. రోలంటే బడిలో పేరున్న పిల్లల సంఖ్య. నేను కనుక్కోలేదు.

వెళ్ళి అడిగితే పిల్లలు యాభై ఎనిమిది మంది, టీచర్లు ఇద్దరు. నాకు అర్థం కాని లెక్క ఆవిడ విడమరిచి చెప్పారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, తొంభై వరకు ముగ్గురు, నూట ఇరవై వరకు నలుగురు, రెండొందల వరకు ఐదుగురు. కాబట్టి ఆ బడిలో చట్టానికి లోటేమీ లేదు. కానీ తరగతులు ఐదు, మనుషులు ఇద్దరు. ఒకే టీచరు ఒకే గదిలో ఒకటీ రెండూ తరగతుల్ని, ఇంకో టీచరు మూడూ నాలుగూ ఐదూ తరగతుల్ని చూడాలి. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒక్కరికే.

కొంచెం అవతల, పది నిమిషాల నడక దూరంలో ఇంకో బడి ఉంది. ప్రహరీ సగం పడిపోయింది, రంగులు లేవు. రోలు నూట ముప్ఫై ఎనిమిది, టీచర్లు ఐదుగురు. అక్కడే వేశాం. 2021 ఆగస్టు 16న బళ్ళు తెరిచిన రోజున మాస్కు పెట్టుకుని వెళ్ళింది పాప. చేర్చుకోవడానికి పుట్టిన తేదీ పత్రం, ఆధార్, రేషన్ కార్డు, నా బ్యాంకు పుస్తకం జిరాక్సులు అడిగారు. ఏ కాగితమైనా తక్కువైతే భయపడి వెనక్కి రాకండి. వయసు పత్రం లేదని, పాత బడి టీసీ రావడం ఆలస్యమైందని పిల్లని చేర్చుకోకుండా ఉండకూడదని చట్టంలోనే ఉంది. పరీక్ష పెట్టి వడబోయడం కూడా కుదరదు.

ఒకటో తరగతి టీచరమ్మ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు పాప బస్సు అద్దంలోంచి దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ చదివింది. గుణింతాలు చింతగింజలతో నేర్పారావిడ. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉండటం నాకెంతో పనికొచ్చింది. నేను పదో తరగతి తెలుగు మీడియం. ప్రైవేటు బడి పుస్తకమైతే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పలేకపోయేదాన్ని.

తర్వాతి ఏడాది మా లెక్కంతా తారుమారైంది. 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళకి కలిపారు. మా బడిలో ఒకటీ రెండూ మాత్రమే మిగిలాయి. రోలు సగానికి పైగా పడిపోయింది, టీచర్లలో ముగ్గురు వెళ్ళిపోయారు. ఐదుగురు ఉన్నారనే కదా నేను ఈ బడి ఎంచుకుంది. మిగిలిన ఇద్దరిలో ఒకరు ప్రసూతి సెలవు మీద వెళ్తే నాలుగు నెలలు ఎవరూ రాలేదు. రెండో తరగతి పిల్లలు ఒకటో తరగతి వాళ్ళతో కలిసి మళ్ళీ అఆలు దిద్దారు. తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం పాపకి ఆ ఏడాది రాలేదు. నేనే సాయంత్రాలు కందిగింజలు పోసి నేర్పాను. ఈ బడి విషయంలో నాకు మిగిలిన పెద్ద బాధ అదే. ఆ నాలుగు నెలలు ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నాను. తల్లిదండ్రుల కమిటీ అనేది ఒకటుందని, దాన్లో ముప్పావు వంతు మనలాంటి అమ్మానాన్నలే ఉండాలని, వాళ్ళు తీర్మానం రాసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వొచ్చని తర్వాత తెలిసింది. 2024 ఆగస్టు ఎన్నికల్లో నేనూ సభ్యురాలినయ్యాను.

మూడూ నాలుగూ తరగతులు హైస్కూల్లో గడిచాయి. మంచి ఉంది, చెడ్డ ఉంది. సబ్జెక్టుకో టీచరు వచ్చేవారు. లెక్కల మాస్టారు బీఎస్సీ, బీఈడీ. పాపకి వెనకబడ్డ తీసివేతలు ఒక్క నెలలో దారిలో పెట్టారు. పెద్ద మైదానం, గ్రంథాలయం, గోడకి పెద్ద స్క్రీను. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల మెయిన్ రోడ్డు దాటాలి, ఆటోలో పంపితే నెలకి ఏడొందలు. మరుగుదొడ్లు పదో తరగతి ఆడపిల్లలతో ఒకటే. చిన్నవాళ్ళు జంకి మధ్యాహ్నం వరకు బిగబట్టుకునేవారు. పాపకి రెండుసార్లు మూత్రంలో మంట వచ్చి డాక్టరుకి చూపించాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, బడిలో బాత్రూముకి వెళ్తోందా అని. బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు మరుగుదొడ్డికి తాళం ఉందా, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో తప్పక అడగండి. ఆయా ఉందో లేదో అడగండి. నేను అడగలేదు.

భోజనం గురించి రెండు ముక్కలు. మా పాప ఇంట్లో గుడ్డు ముట్టదు, బడిలో తింటుంది. వారానికి ఐదు రోజులు గుడ్డు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ, 2023 మార్చి నుంచి మూడు పొద్దుటిపూటలు బెల్లం వేసిన రాగిజావ ఇచ్చారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి. అంతకుముందు అన్నం మిగిల్చేవారు, ఇప్పుడు మారు అడుగుతున్నారు. ఇద్దరూ పనికెళ్ళే ఇంట్లో మధ్యాహ్నం వేడిగా ఇంత తిన్నదన్న ధీమా నాకు చాలా విలువైంది.

పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే డబ్బు సర్కారు బడికే అని కొత్తగా వచ్చేవాళ్ళు పొరపాటు పడుతుంటారు. అప్పటి అమ్మ ఒడి గానీ ఇప్పటి తల్లికి వందనం గానీ ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకీ వర్తిస్తుంది. 2025లో నా ఖాతాలో పదమూడు వేలు పడ్డాయి, మా ఎదురింటి వాళ్ళ బాబు ప్రైవేటు, వాళ్ళకీ పడ్డాయి. ఆ డబ్బు చూసి బడి ఎంచుకోనక్కర్లేదు. యూనిఫారం, బూట్లు, బ్యాగు, పుస్తకాలు మాత్రం ప్రభుత్వ బళ్ళ పిల్లలకే ఊరికే ఇస్తారు. బట్ట బాగానే ఉంటుంది. బూట్లు మాకు ఏ ఏడాదీ సరైన సైజువి రాలేదు.

2025 జూన్‌లో జీవో మారి మళ్ళీ మూడు నుంచి ఐదు తరగతులు ప్రాథమిక బళ్ళకి తిరిగొచ్చాయి. మా పాత బడి మోడల్ ప్రైమరీ స్కూల్ అయింది, అంటే తరగతికో టీచరు. పాప ఐదో తరగతికి మళ్ళీ అదే బడికి వెళ్ళింది, ఇప్పుడు ప్రహరీ ఉంది. మొదటి మూడు నెలలు ఒక పోస్టు ఖాళీ. దసరా సెలవుల తర్వాత మెగా డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) ఎంపికైన కొత్త టీచరు చేరారు. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, పిల్లలతో కింద కూర్చుని చెబుతుంది. పాప ఈ బడికొచ్చాక చదువులో ఇంత ఉత్సాహంగా ఉండటం నేను ఒకటో తరగతి తర్వాత ఇప్పుడే చూస్తున్నాను.

ఇంగ్లీషు మాట్లాడటం మాత్రం రాలేదు. చదువుతుంది, రాస్తుంది, అడిగితే నోరు పెగలదు. ఎదురింటి బాబు మాట్లాడతాడు. లెక్కల్లో, తెలుగులో వాడికంటే మా పాపే ముందుంది. వాడి తెలుగు నోటుపుస్తకంలో వత్తులన్నీ తప్పులే. నాలుగో తరగతి నుంచి నెలకి ఆరొందలిచ్చి సాయంత్రం ఇంగ్లీషు ట్యూషను పెట్టాం. ఆ ఖర్చు లెక్కలో వేసుకునే బడి ఎంచుకోండి.

మళ్ళీ మొదటి నుంచి వెతకాల్సి వస్తే, గేటు దగ్గర సాయంత్రం బడి వదిలే వేళకి నిలబడతాను. అక్కడికొచ్చే అమ్మమ్మలకి తెలియనిది ఉండదు. ఏ టీచరు వేళకొస్తారు, ఎవరు డెప్యుటేషన్ మీద వేరేచోటికెళ్ళారు, కాగితాల మీద ఐదుగురుంటే కళ్ళకి ఎందరు కనిపిస్తారు, అన్నీ చెబుతారు. తర్వాత పని రోజు పదకొండింటికి వెళ్ళి హెచ్‌ఎం మేడమ్‌ని అడిగి రెండో తరగతి నోటుపుస్తకాలు చూస్తాను. ఎర్ర పెన్ను దిద్దుబాట్లు ఏ తేదీ దగ్గర ఆగాయో చూస్తే ఆ బడి సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ఈ రెండు పనులూ ఏటా జూన్‌లో చేస్తాను. ఎందుకంటే వేసవిలో బదిలీలైతే నిరుడు మనం చూసిన బడి ఈ ఏడాది అక్కడ ఉండదు.

వచ్చే జూన్‌కి ఆరో తరగతి. రెండు హైస్కూళ్ళు చూసొచ్చాం. దగ్గరున్నదాన్లో ఇంగ్లీషు పోస్టు ఏడాదిగా ఖాళీ. రెండోది కిలోమీటరున్నర, ఆడపిల్లలకి విడిగా మరుగుదొడ్లు, పూర్తి టీచర్లు, తాళంచెవి ఆయా కొంగుకి ఉంది. రికార్డ్ షీట్ (బడి మారేటప్పుడు ఇచ్చే పత్రం) అక్కడికే రాయమని చెప్పాం. పాపకి సెకండ్ హ్యాండ్ సైకిలు చూస్తున్నాం.