విశాఖ ద్వారకానగర్ లాప్‌టాప్ రిపేరు షాపు: ఫార్మాట్ కొట్టకుండా పంపించాడు, 4 స్టార్లు

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచెళ్ళేంత దూరం, మెట్లెక్కాలి, బండి పెట్టుకోడానికి చోటు లేదు, ఫోన్ చేస్తే ఎత్తడు. ఒక స్టారు దానికే పోయింది. మిగతా 4 ఎందుకిచ్చానో చెప్తా, కొంచెం పెద్ద కథే.

నా లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ ఉంటది. మూత వేసి మళ్ళీ తీస్తే ఒక్కోసారి స్క్రీన్ నల్లగా ఉండిపోద్ది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటది, పవర్ బటన్ నొక్కిపట్టి చంపడం తప్ప ఇంకో దారి లేదు. ముందు వేరే చోటికి తీసుకెళ్తే కనీసం ఆన్ కూడా చెయ్యకుండా బోర్డు పోయిందన్నాడు, కాదంటే సరే విండోస్ వేసేస్తా సెట్టయిపోద్ది అన్నాడు. దండం పెట్టి వచ్చేశా.

ఇక్కడాయన మొదట అన్నమాట "ఎలగొస్తాదో నా కళ్ళముందర రప్పించు బాబూ". అక్కడే పడిపోయా నేను. పదిసార్లు మూసి తీశాం, ఒక్కసారి కూడా రాలేదు, డాక్టర్ ఎదురుగా కూర్చోగానే పన్నునొప్పి మాయమైనట్టు. ర్యామ్ తీసి ఎరేజర్‌తో దాని పిన్నులు రుద్దాడు (పెదవాల్తేరులో ఇల్లంటే ఆ ఉప్పు గాలికి ఇది మామూలేనంట), అయినా ఏమీ తేలలేదు. అప్పుడు "ఇంటికాడ దీనికి ఏటేటి తగిలిస్తావ్?" అనడిగాడు. యూఎస్‌బీకి పెట్టే లాన్ అడాప్టర్ (ఇంటర్నెట్ వైరు గుచ్చుకునేది) ఒకటుంది, చెప్పాలని కూడా తోచలేదు నాకు. మర్నాడు అది పట్టుకెళ్తే పదిలో ఏడుసార్లు వచ్చింది! ఆయన దగ్గర అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ పీసుంటే నా ఎస్‌ఎస్‌డీ అందులోకి మార్చి చూశాడు, అందులోనూ వచ్చింది. అదే అడాప్టర్‌తో పాత కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) బూట్ చేస్తే రెండిట్లోనూ రాలేదు, అంటే తప్పు కొత్త కెర్నల్‌దే. "మిషన్ బానే ఉంది, ఇది నా పని కాదు, దాన్ని రాసినోళ్ళకి చెప్పుకో" అని 200 చెకింగ్ ఛార్జీ తీసుకుని పంపించేశాడు. ఫార్మాట్ పేరు చెప్పి 1000 లాగొచ్చు, లాగలేదు.

రాసినోళ్ళకి చెప్పుకోవడం అంత తేలిక కాదండోయ్. వర్చువల్‌బాక్స్ (లాప్‌టాప్‌లోనే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) మాడ్యూల్, అంటే కెర్నల్‌కి తగిలించే కోడ్ ముక్క, లోడయి ఉంటే కెర్నల్ 'టెయింటెడ్' (బయటి కోడ్ కలిసింది) అని చూపిస్తది, అలా పంపిస్తే ముందు అది తీసేసి మళ్ళీ చూడమంటారు, అందుకే తీసేసి, కొత్త మెయిన్‌లైన్ కెర్నల్ (అసలు లినక్స్ వాళ్ళు విడుదల చేసేది) కోడ్ నుంచి కట్టుకుని అందులోనూ రప్పించా. లాగ్‌లో ఏమైనా ఉంటదేమో అంటే డిస్కు ఇంకా లేవకముందే హ్యాంగయిపోతే లాగ్ ఎక్కడ రాస్తది పాపం. పీఎమ్ ట్రేస్ అని ఒకటుంది, ఏ డివైసు దగ్గర ఆగిందో ఆ గుర్తుని గడియారం చిప్పులో రాసేస్తది, వెంటనే రీబూట్ చేసి డీమెసేజ్‌లో (కెర్నల్ రాసుకునే సందేశాల చిట్టా) చూసుకోవాలి, ఆ తర్వాత లాప్‌టాప్ తేదీ ఏ శతాబ్దానికో పోతది, కంగారు పడకండి.

తర్వాత గిట్ బైసెక్ట్, అంటే ఏ మార్పు వల్ల చెడిందో వెతికిపెట్టే కమాండ్. బాగున్న వెర్షన్‌కి బాగోని వెర్షన్‌కి మధ్య 13,000 పైనే మార్పులు, ప్రతిసారీ సగానికి కోసుకుంటూ వెళ్తే 14 సార్లలో దొంగ దొరుకుతాడు. వినడానికి బానే ఉంది, కానీ మనది పదిలో ఏడుసార్లే వచ్చే రోగం, ఒక్కసారి రాలేదు కదా అని 'గుడ్' కొట్టేస్తే అక్కణ్ణుంచి దారి మొత్తం తప్పే, 14వ రౌండులో సంబంధం లేని ఎవడి కోడో చూపిస్తది. నేను మొదటిసారి అలాగే ఒక శనివారం తగలేసుకున్నా. రెండోసారి రౌండుకి పదేసిసార్లు, ఆర్టీసీవేక్ అనే కమాండ్‌తో ఇరవై సెకన్లకోసారి పడుకోబెట్టి లేపా (ఈ ఆర్టీసీ బస్సులది కాదు, రియల్ టైమ్ క్లాక్). కెర్నల్ కట్టడానికి పట్టే టైమ్‌లో బీచ్ రోడ్డుకెళ్ళి మూరీ మిక్చర్ తినొచ్చేవాణ్ణి, ఎన్ని పొట్లాలయ్యాయో అడక్కండి. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడితే మన మిషన్‌కి కావాల్సిన మాడ్యూళ్ళే కడతది, టైమ్ చాలా కలిసొస్తది, కానీ ఆ కమాండ్ కొట్టేటప్పుడు అడాప్టర్ తగిలించి ఉండాలి, లేకపోతే దాని డ్రైవరే రాదు, రోగం తగ్గిపోయిందని సంబరపడతాం.

తప్పు చేసిన కమిట్ (కోడ్‌లో ఒక మార్పు) దొరికాక, కెర్నల్ కోడ్‌తో వచ్చే మెయింటెయినర్స్ ఫైల్లో ఆ డ్రైవర్ ఎవరిదో చూసి, ఉత్త ప్లెయిన్ టెక్స్ట్‌లో మెయిల్ పెట్టా: ఏ వెర్షన్ నుంచి, ఏం తగిలిస్తే, పదికి ఎన్నిసార్లు, రెండు మిషన్లలో చూశాం అని. ఆ చివరి ముక్క షాపాయన పుణ్యమే. మూడు రోజులకి ప్యాచ్ (సరిచేసిన కోడ్) పంపి టెస్ట్ చెయ్యమన్నారు, ఇరవైసార్లు మూసి తీశా, రాలేదు, 'టెస్టెడ్ బై' అని నా పేరు కూడా ఎక్కింది. షాపుకెళ్ళి చెప్తే "డబ్బులేటైనా ఇచ్చారా?" అన్నాడు. లేదంటే నా వైపు జాలిగా చూసి టీ చెప్పాడు.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం 5 దాటాక వెళ్ళండి, మధ్యాహ్నం షట్టర్ సగం దించే ఉంటది. ఛార్జరు, మౌసు, అడాప్టరు, ఇంట్లో దానికి ఏవేవి గుచ్చుతారో అన్నీ సంచిలో వేసుకెళ్ళండి, లేకపోతే నాలాగా రెండుసార్లు మెట్లెక్కాలి.